కీచురాళ్ళ గోలలో అక్షరాలు

మా డేటా కమ్యూనికేషన్ సిలబస్‌లో ఎఫ్‌ఎస్‌కేకి దక్కింది అర పేజీ. "ఫ్రీక్వెన్సీ షిఫ్ట్ కీయింగ్: ఒకటికి ఒక ఫ్రీక్వెన్సీ, సున్నాకి ఇంకో ఫ్రీక్వెన్సీ." కింద ఒక అలల బొమ్మ. మిడ్‌లో రెండు మార్కులకి అడుగుతారు, రాసేస్తాం, హాల్లోంచి బయటికి రాగానే మర్చిపోతాం. నేనూ అదే చేశాను. మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళడానికి కారణం సిలబస్ కాదు, మా అమ్మమ్మ.

(నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఒత్తులూ దీర్ఘాలూ చాలావరకు మన క్లబ్ అక్కవాళ్ళు దిద్దారు. ఇంకా మిగిలితే అవి నావి.)

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. మేం ఉండేది బందరులో. మచిలీపట్నం అనేది బస్సు బోర్డు మీద, ఆధార్ కార్డు మీద, మాకు మాత్రం అది బందరే. అమ్మమ్మ ఒక్కతే దివిసీమలో, నాగాయలంక దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే ఆమె ఫోను పోయింది. కరెంటు పోతే టవర్ కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది, ఆ తర్వాత అది కూడా మనలాంటిదే. మర్నాడు సాయంత్రం దాకా అమ్మ అదే నంబరుకి చేస్తూ, అదే రికార్డింగ్ వింటూ కూర్చుంది. అమ్మమ్మకి ఏమీ కాలేదు. గొడ్ల పాక కప్పు లేచిపోయింది, అంతే. లైను కలవగానే అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం "ఈ మాత్రం దానికే? మా అన్నయ్య నాలుగు రోజులు ఎదురుచూశాడు" అంది.

ఆమె అన్నది 1977 నవంబరు 19 గురించి. దివిసీమ ఉప్పెన. కృష్ణా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: ఆ శనివారం తుఫానుతో పాటు సముద్రం దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఊళ్ళ మీదికి వచ్చింది. చనిపోయినవాళ్ళు పదివేల దాకా అని లెక్క. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు ఇప్పటికీ పెద్దవాళ్ళు వయసు చెప్పేటప్పుడు "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అంటారు.

అప్పటికి అమ్మమ్మకి పంతొమ్మిదేళ్ళు, అంటే ఇప్పుడు నా వయసు. ఇంట్లో నలుగురు: ఆమె, అమ్మానాన్న, పదకొండేళ్ళ తమ్ముడు. పెద్దన్నయ్య గుడివాడలో రైస్ మిల్లులో గుమాస్తా. స్తంభాలు విరిగి తీగలు తెగిపోయాయి కాబట్టి టెలిగ్రాం లేదు, రోడ్లు లేవు కాబట్టి మనిషి వెళ్ళడం లేదు. నాలుగో రోజున సాయానికి వచ్చిన ఒక లారీ డ్రైవరు చేతికి మా ముత్తాత సిగరెట్ పెట్టె అట్ట మీద రెండు మాటలు రాసి ఇచ్చాడు. అది గుడివాడ చేరింది. దాని మీద ఉన్నది: "ముగ్గురం క్షేమం."

ఇంట్లో ఉన్నది నలుగురు కదా.

ఆ నాలుగో మనిషి ఎవరో తెలియడానికి ఆ అన్నయ్యకి ఇంకో రెండు రోజులు పట్టింది. నీళ్ళలో నడిచి ఊరు చేరాక తెలిసింది, తమ్ముడని. పేరు రాయడానికి ముత్తాతకి చెయ్యి రాలేదట.

ఇది ఎఫ్‌ఎస్‌కే వ్యాసమే, దారి తప్పలేదు. ఆ అట్ట ముక్క సంగతి విన్నాక నాకు ఒక సీఎస్ స్టూడెంట్ ప్రశ్న వచ్చింది. టవర్లు లేవు, ఫైబర్ లేదు, ఇంటర్నెట్ అసలే లేదు. ఒక రేడియో, ఒక కారు బ్యాటరీ ఉన్నాయి. ఆ రెండు మాటలు దివి నుంచి గుడివాడకి, తప్పు లేకుండా, అక్షరాలుగా ఎలా పంపాలి? నోటితో చెప్పొచ్చు, నిజమే. కానీ గాలివానలో, గరగరల మధ్య, పేర్ల జాబితా నోటితో చదివి అవతలివాడు సరిగ్గా రాసుకోవాలంటే ఎంత కష్టమో కాల్ సెంటర్‌కి మన ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పినవాళ్ళందరికీ తెలుసు. రేడియో మీద అక్షరాలు టైపు చేసి పంపే పాత పద్ధతి ఒకటి ఉంది, రేడియో టెలిటైప్. ఆర్‌టీటీవై అని రాస్తారు, హామ్‌లు ముద్దుగా "రిటీ" అంటారు. దాని గుండెకాయే మన అర పేజీ ఎఫ్‌ఎస్‌కే.

హామ్‌లు అంటే పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, జీతం లేకుండా సరదాగా రేడియో నడిపేవాళ్ళు. మన తెలుగువాళ్ళకి ఇందులో మంచి చోటే ఉంది. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నడుస్తోంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌కి వెళ్ళింది. ప్రపంచంలోని హామ్‌లకి అండమాన్‌తో మాట్లాడటం అరుదైన అవకాశం, అందుకని వెళ్ళారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. సరదాకి పెట్టిన ఆ స్టేషన్ రాత్రికి రాత్రి పోర్ట్‌బ్లెయిర్ నుంచి "మావాళ్ళు ఉన్నారా?" అన్న ప్రశ్నలకి జవాబులు మోసే స్టేషన్ అయింది. చూశారా, ప్రశ్న మాత్రం 1977లో గుడివాడలో ఉన్నదే.

నాకు లైసెన్సు లేదు (ఇంకా). కాబట్టి పంపలేను, వినగలను. వినడానికి రేడియో కూడా అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళ రేడియో ఒకటి బ్రౌజర్‌లో ఎవరైనా తిప్పుకోవచ్చు. సెప్టెంబరు ఆఖరి శని, ఆదివారాల్లో ప్రపంచవ్యాప్తంగా ఆర్‌టీటీవై పోటీ జరుగుతుంది. ఆ రోజుల్లో 14 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెడితే వినిపించేది ఒకటే గోల: టిరిలిరిలిరి, టిరిలిరిలిరి. వానాకాలం రాత్రి పొలం గట్టు మీద కీచురాళ్ళు అరిచినట్టు. ఆ గోలలో రెండే స్వరాలు ఉంటాయి.

ఆ రెండు స్వరాలు 2125 హెర్ట్జ్, 2295 హెర్ట్జ్. మధ్య తేడా 170 హెర్ట్జ్. అది ఎంత తేడా? మా హాస్టల్‌లో వయొలిన్ నేర్చుకున్నవాడు ఒకడున్నాడు (కూచిపూడి పక్క ఊరివాడు, సంగీతం రాకపోతే ఊళ్ళోకి రానివ్వరని వాడి వాదన). వాడికి రెండూ వినిపిస్తే, "సా నుంచి శుద్ధ రిషభం, కాస్త శ్రుతి ఎక్కువైంది" అన్నాడు. లెక్క వేస్తే సరిగ్గా అంతే. అంటే చెవికి తేడా తెలుస్తుంది, కానీ చాలా దగ్గర స్వరాలు. దగ్గరగా ఎందుకు పెట్టారంటే రేడియోలో జాగా తక్కువ, ఇరుగుపొరుగు ఎక్కువ. మొదట్లో హామ్‌లు 850 హెర్ట్జ్ ఎడం వాడేవాళ్ళు, తర్వాత 170కి కుదించుకున్నారు.

కింది స్వరం పేరు మార్క్, అంటే 1. పై స్వరం పేరు స్పేస్, అంటే 0. ఈ పేర్లు పాత టెలిగ్రాఫ్ కాలంవి. కరెంటు వస్తే కాగితం మీద కలం గీత పెట్టేది, అది మార్కు. రాకపోతే ఖాళీ, అది స్పేసు. కీబోర్డులో స్పేసుతో కలిపేసుకోకండి, నేను కలిపేసుకుని ఒక పూట పోగొట్టుకున్నాను.

ఇక్కడ అసలు ప్రశ్న. రెండు స్వరాలు ఎందుకు? ఒకే స్వరం పెట్టుకుని, ఉంటే 1, లేకపోతే 0 అనొచ్చుగా? టార్చిలైటు వేసి ఆర్పినట్టు. సిలబస్‌లో దాని పేరు ఏఎస్‌కే. ఆ పద్ధతిలో ఇబ్బంది ఏమిటో ఆలోచించండి. రిసీవరు ప్రతి క్షణం "శబ్దం ఉందా, లేదా?" అని తేల్చాలి. ఎంత గట్టిగా ఉంటే "ఉంది" అనాలి? ఒక గీత గీసుకోవాలి. కానీ షార్ట్‌వేవ్ సిగ్నల్ పైన అయనోస్ఫియర్‌కి తగిలి కిందికి వస్తుంది, ఒక నిమిషం గట్టిగా, ఇంకో నిమిషం గొణుగుతున్నట్టు. సిగ్నల్ నీరసించిందంటే ఉన్నది కూడా గీత కిందికి పడి "లేదు" అయిపోతుంది. ఇక పిడుగు పడితే, లేని చోట "ఉంది" పుడుతుంది. తుఫాను వేళ పిడుగులకి కరువా?

రెండు స్వరాలైతే ప్రశ్నే మారిపోతుంది. "ఉందా, లేదా" కాదు, "ఈ రెండిట్లో ఏది ఎక్కువగా ఉంది?" ఏదో ఒకటి ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. సిగ్నల్ సగానికి పడిపోయినా రెండూ కలిసి పడతాయి కాబట్టి వాటి మధ్య పోలిక చెడదు. గీత గీయక్కర్లేదు. తక్కెడలో రెండు పళ్ళేలు పెట్టుకున్నట్టు, బరువు ఎంతో తెలియకపోయినా ఎటు మొగ్గిందో తెలుస్తుంది. పిడుగు అన్ని ఫ్రీక్వెన్సీలలోనూ ఒక్కసారి బద్దలవుతుంది కాబట్టి రెండు పళ్ళేలలోనూ ఇంచుమించు ఒకే బరువు పడేస్తుంది. అన్నిసార్లూ కాదు లెండి, అప్పుడప్పుడూ ఒక స్వరం మాత్రమే మాయమై రెండోది నిలబడే పాడు ఫేడింగ్ కూడా ఉంటుంది. అయినా టార్చిలైటు కంటే తక్కెడ నయం.

సరే, ఏది ఎక్కువుందో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? చెవి లేదు కదా. ఇది రాస్తే ఇరవై లైన్ల పైథాన్. ఆలోచన మాత్రం ఉయ్యాలది. ఉయ్యాలని దాని ఊపుకి సరిగ్గా కలిసేలా తోస్తే ప్రతి తోపుకీ ఇంకాస్త ఎత్తుకి వెళ్తుంది. దానికి కలవని లెక్కలో తోస్తే కొన్ని తోపులు పెంచుతాయి, కొన్ని ఆపుతాయి, మొత్తానికి ఎక్కడిదక్కడే ఉంటుంది. వచ్చిన శబ్దాన్ని 2125 హెర్ట్జ్ సైన్‌తోనూ కొసైన్‌తోనూ శాంపిల్‌కి శాంపిల్ గుణించి కూడాలి. అదే పని 2295తోనూ చేయాలి. (సైన్ ఒక్కటే చాలదా? అల ఎక్కడ మొదలైందో మనకి తెలియదు, అందుకని రెండూ.) నిజంగా ఉన్న స్వరానికి కూడిక పెద్దదవుతుంది, లేనిదానికి ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోతాయి. ఏ కూడిక పెద్దదైతే ఆ బిట్టు. అంతే. దీన్నే తక్కువ లెక్కతో చేసేదాన్ని గోర్ట్‌జెల్ అల్గారిథమ్ అంటారు.

ఒక బిట్టు ఎంతసేపు? ఆర్‌టీటీవై వేగం 45.45 బాడ్, అంటే ఒక్కో బిట్టు 22 మిల్లీసెకన్లు. సెకనుకి 8000 శాంపిల్స్ తీసుకుంటే ఒక బిట్టుకి సరిగ్గా 176. ఆ 22 మిల్లీసెకన్లలో మార్క్ స్వరం సుమారు 47 సార్లు ఊగుతుంది, స్పేస్ స్వరం 50 సార్లు. సుమారు మూడుముప్పావు ఊపుల తేడా, మన తక్కెడ పట్టుకోవాల్సింది అంత చిన్నది. బిట్టు ఇంకా పొట్టిగా చేస్తే ఆ తేడా కూడా మిగలదు. వేగం పెంచాలంటే స్వరాలని దూరంగా జరపాలి. క్లాసులో "బ్యాండ్‌విడ్త్" అని బోర్డు మీద రాసిన మాట నాకు అర్థమైంది ఆ రోజే, అదీ కీచురాళ్ళ వల్ల.

ఈ వింత 45.45 ఎక్కడిదంటే, పాత టెలిటైప్ మెషీన్లది. నిమిషానికి అరవై మాటలు కొట్టే మోటార్లు, పళ్ళ చక్రాలు, కమ్ములు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక పాతబడ్డ మెషీన్లు చవగ్గా దొరికితే అమెరికా హామ్‌లు ఇంటికి తెచ్చుకుని రేడియోకి కట్టారు. మెషీన్లు పోయాయి, వేగం మిగిలింది. మన దగ్గర పాత జర్నలిస్టులని అడగండి, టెలిప్రింటర్ గురించి చెప్తారు. వార్తాసంస్థ నుంచి ఇంగ్లీషులో టకటకా కొట్టుకొచ్చిన కాగితాన్ని చింపి తెలుగులోకి రాసుకునేవాళ్ళు. ఆ కుటుంబమే ఇది.

ఇప్పుడు అక్షరాలు. ఆర్‌టీటీవైలో అక్షరానికి అయిదే బిట్లు. ఫ్రెంచి ఇంజనీరు ఎమీల్ బోదో పందొమ్మిదో శతాబ్దంలో మొదలుపెట్టిన కోడ్ వంశం అది, బాడ్ అనే మాట ఆయన పేరే. అయిదు బిట్లంటే 32 గుర్తులు. ఇంగ్లీషు అక్షరాలకే 26 పోతాయి. అంకెలు ఎక్కడ పెట్టాలి? టైప్‌రైటర్ ఉపాయం: ఒకే మీటకి రెండు అర్థాలు. "అంకెలు" అనే గుర్తు ఒకటి పంపితే ఆ తర్వాత వచ్చేవన్నీ అంకెలుగా చదవాలి. "అక్షరాలు" అనే గుర్తు పంపితే మళ్ళీ అక్షరాలు. క్యూ మీట అంకెల్లో 1, డబ్ల్యూ 2, ఈ 3, ఆర్ 4, టీ 5, అలా పై వరస అంతా. మీ కీబోర్డులో పై వరస అక్షరాలూ వాటి మీద ఉన్న అంకెలూ చూడండి, అదే జత.

తెలుగు ఇందులో పట్టదు, ముందే చెప్పేస్తున్నా. ఇంగ్లీషు లిపిలో వాట్సాప్ తెలుగు రాసుకోవాల్సిందే. యూనికోడ్ బిట్లనే తిన్నగా పంపుదామని నేను లెక్క వేశాను. క్షేమంలో "క్షే" ఒక్కటే నాలుగు కోడ్ పాయింట్లు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 96 బిట్లు. ఈ వేగంలో ఆ ఒక్క అక్షరానికి రెండు సెకన్ల పైనే. మనం రాసే ఒక్క ఒత్తు వెనక ఇంత బరువుందని అప్పుడే తెలిసింది.

ఒక్కో అక్షరం ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒకటిన్నర స్టాప్ బిట్. ఎవరూ ఏమీ టైపు చేయనప్పుడు లైను మీద మార్క్ స్వరమే సన్నగా మోగుతూ ఉంటుంది. హఠాత్తుగా స్పేస్‌కి జారిందంటే, అక్షరం మొదలైందన్నమాట. రిసీవరు అక్కడి నుంచి గడియారం మొదలెడుతుంది. 33 మిల్లీసెకన్ల దగ్గర మొదటి బిట్టు నడుమ చూస్తుంది, తర్వాత 55, 77, 99, 121. అయిదూ అయ్యాక స్టాప్ మార్కు దగ్గర ఆగి, తర్వాతి జారుడు కోసం కాచుకుంటుంది. రెండు గడియారాలు కాస్త అటూఇటూ ఉన్నా పర్లేదు, ప్రతి అక్షరానికీ మళ్ళీ మొదటి నుంచి కలుపుకుంటాయి. మొత్తం ఏడున్నర బిట్లు, 165 మిల్లీసెకన్లు, సెకనుకి ఆరు అక్షరాలు. మన జియో కాలంలో నవ్వొస్తుంది. కానీ లారీ డ్రైవరు చేతి అట్ట ముక్క నాలుగో రోజుకి చేరింది.

నా మొదటి ప్రయత్నం గురించి కూడా చెప్పాలి. పోటీ శబ్దాన్ని రికార్డు చేసి నా ప్రోగ్రామ్‌కి ఇస్తే తెరమీద చెత్త. రెండు గంటలు కోడ్ అంతా వెతికాను. తప్పు కోడ్‌లో లేదు. బ్రౌజర్ రేడియోలో నేను అప్పర్ సైడ్‌బ్యాండ్ పెట్టాను. ఆర్‌టీటీవై ఆనవాయితీ లోయర్ సైడ్‌బ్యాండ్. లోయర్‌లో శబ్దం తలకిందులుగా కూర్చుంటుంది, గాలిలో పైన ఉన్నది చెవికి కింద వినిపిస్తుంది. డయల్ 14085 కిలోహెర్ట్జ్ మీద ఉంటే 2125 స్వరం గాలిలో 14082.875 దగ్గర, 2295 స్వరం దానికి కింద 14082.705 దగ్గర. నేను అప్పర్ పెట్టేసరికి ప్రతి 1 నాకు 0, ప్రతి 0 నాకు 1. సైడ్‌బ్యాండ్ మార్చగానే తెర నిండా ఆర్‌వైఆర్‌వైఆర్‌వై. నా ఆనందం చూసి రూమ్మేటు ప్లేస్‌మెంట్ వచ్చిందేమో అనుకున్నాడు. ఆర్ 01010, వై 10101, రెండూ కలిస్తే బిట్లు వీలైనంత ఎక్కువసార్లు మారతాయి, అందుకే అది టెలిటైప్ వాళ్ళ "మైక్ టెస్టింగ్".

రెండో తప్పు పంపే వైపు చేశాను. ప్రతి బిట్టుకీ సైన్ అలని సున్నా నుంచి కొత్తగా మొదలుపెట్టాను. బిట్టు మారిన ప్రతిచోటా అల తెగి అతికినట్టయి టక్కు టక్కుమని శబ్దం. అంత హఠాత్తుగా తెగితే ఆ దెబ్బ అటూ ఇటూ ఉన్న ఫ్రీక్వెన్సీలన్నిటికీ పాకుతుంది. నిజం రేడియోలో అయితే పక్కవాళ్ళు తిట్టేవాళ్ళు. మందు ఒక్కటే: ఫేజ్‌ని కొనసాగిస్తూ పోవాలి, వేగం మాత్రం మార్చాలి. సైకిల్ దిగి ఇంకో సైకిల్ ఎక్కడం కాదు, అదే సైకిల్ కాస్త గట్టిగా తొక్కడం.

ఇప్పుడు అంకెల దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నన్ను పట్టి కుదిపింది అదే. "అంకెలు" గుర్తు 11011. "అక్షరాలు" గుర్తు 11111. రెండిటికీ తేడా నడిమి బిట్టు ఒక్కటే. ఒక పిడుగు, 22 మిల్లీసెకన్లు, ఆ ఒక్క బిట్టు తిరగబడితే చాలు, తర్వాత వచ్చే అంకెలన్నీ అక్షరాలుగా అచ్చవుతాయి. "500 పొట్లాలు" కాస్తా "టీపీపీ పొట్లాలు". హామ్‌లు సిగ్నల్ బాగుందని చెప్పే 599 కాస్తా "టీఓఓ" అవుతుంది, అది వాళ్ళకి ఎంత అలవాటంటే తెర మీద టీఓఓ చూస్తే నవ్వుకుని 599 అని చదువుకుంటారు. ఇక మన 3 ఏమవుతుంది? "ఈ". ఈ అక్షరం కోడ్ 10000, మొత్తం మీద ఒకే ఒక్క మార్కు. అది కూడా తిరగబడితే 00000, అసలు ఏమీ అచ్చు కాదు. ఈ కోడ్‌లో తప్పు పట్టుకునే ఏర్పాటే లేదు, పారిటీ బిట్ లాంటిది ఏదీ లేదు. ఏ అయిదు బిట్లు వచ్చినా ఏదో ఒక గుర్తే. తప్పు కూడా ఒప్పులాగే, ధీమాగా అచ్చవుతుంది.

అందుకే అంకెలని హామ్‌లు రెండేసిసార్లు పంపుతారు. ప్రతి ఖాళీ తర్వాత తనంతట తానే అక్షరాలకి మారిపోయే ఏర్పాటు కూడా ఉంటుంది, ఒక దెబ్బ లైను మొత్తాన్ని పాడుచేయకుండా. ఓడలకి తుఫాను హెచ్చరికలు అచ్చేసి అందించే నావ్‌టెక్స్ వాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు. అది కూడా ఎఫ్‌ఎస్‌కేయే, అదే 170 హెర్ట్జ్ ఎడం, 518 కిలోహెర్ట్జ్ మీద, 100 బాడ్. మన రాష్ట్రంలో దాని స్టేషను కాకినాడ పక్కన వాకలపూడిలో ఉంది. అందులో అక్షరానికి ఏడు బిట్లు, ఏ అక్షరం తీసుకున్నా ఒక రకం నాలుగు, రెండో రకం మూడు. ఆ లెక్క తప్పిందంటే బిట్టు చెడిందని తెలిసిపోతుంది. పైగా ప్రతి అక్షరాన్నీ కొంచెం ఆగి రెండోసారి పంపుతారు, మొదటిది పిడుగుపాలైతే రెండోది ఉంటుంది. అదనపు బిట్లు దండగ అని ఇంజనీరింగ్ బుద్ధికి అనిపిస్తుంది. సముద్రం మీద ఉన్నవాడికి అనిపించదు.

ఆర్‌టీటీవైకి ఇంకో లోపం ఉంది, దాన్ని ఇష్టపడేవాళ్ళు కూడా ఒప్పుకోవాలి. ఏదో ఒక స్వరం ఎప్పుడూ పూర్తి బలంతో మోగుతూనే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌కి ఊపిరి పీల్చుకునే సందు ఉండదు. మాటల మధ్యనైతే ఖాళీ ఉంటుంది. ఇక్కడ లేదు, వేడెక్కుతుంది, పవర్ తగ్గించుకుని నడపాలి. కారు బ్యాటరీ మీద తుఫాను రాత్రి గడపాలంటే ఇది ఆలోచించాల్సిన విషయం. నన్నడిగితే ఈ రోజు దివిసీమలో నిజంగా స్టేషను పెట్టాల్సివస్తే మొదటి ఓటు ఆర్‌టీటీవైకి వేయను. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 ఉంది, గరగరల అడుగున చెవికి వినపడని సిగ్నల్‌ని కూడా లాగుతుంది. కానీ అది వాడేది కూడా ఎఫ్‌ఎస్‌కేయే, రెండు స్వరాల బదులు ఎనిమిది. కాకపోతే పదిహేను సెకన్లకి ఒక పొట్టి ముక్కే పంపుతుంది, మనసులో మాట చెప్పుకోవడానికి పనికిరాదు. ఇక మీ చెవుల్లో ఉన్న బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా మొదట నేర్చుకున్నది ఎఫ్‌ఎస్‌కేనే, అంచులు నున్నగా చేసిన రకం. కీచురాళ్ళని చూసి నవ్వకండి, వాటి మనవలు మీ జేబులో ఉన్నారు.

దసరా సెలవులకి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ హాల్లో పెట్టి, ఫోను అరుగు మీద పెట్టి, స్పీకర్ నుంచి మైక్‌కి గాలిలోనే పంపి చూశాను. రేడియో లేదు కాబట్టి లైసెన్సు గొడవ లేదు. వాన పడుతోంది, రేకుల మీద చప్పుడుకి మనిషి మాట మనిషికి వినపడటం లేదు. అయినా తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, పదికి తొమ్మిది సరిగ్గా.

"ఏంట్రా ఆ కీచురాళ్ళ గోల?" అంటూ వచ్చింది. చెప్పాను. మొత్తం చెప్పలేదు, రెండు స్వరాలని, వాటితో అక్షరాలు వెళ్తాయని మాత్రం. ఉప్పెన రోజున ఇది ఉండుంటే అని కూడా నోరు జారాను. ఆమె కాసేపు తెర వంక చూసింది. నేను అప్పటికే ఇంగ్లీషు లిపిలో "3 క్షేమం" అని కొట్టి పెట్టుకున్నాను, 3 అంకె బతికి వస్తుందో లేదో చూద్దామని.

"అంకె వెయ్యకు" అంది. "పేర్లు రాయి."

మూడు పేర్లు చెప్పింది, వాళ్ళ నాన్నది, అమ్మది, తనది. కొట్టాను. పంపే మీట నొక్కబోతుంటే ఆగమని, నాలుగో పేరు కూడా చెప్పింది. ఖాళీలతో కలిపి 31 అక్షరాలు. అయిదు సెకన్లు పట్టింది.